ఈతలదిన్నె బురుజు మీద ఈ పొద్దు వంతు ఎవరిది?

దీపం వెలుగుతున్నంత కాలం మీరు దాని మొహం చూడరు. ఆరిపోయాక మాత్రం టికెట్ కొనుక్కుని మరీ చూడటానికి వస్తారు. అవును, మిమ్మల్నే అంటున్నాను. సెలవులకు ఎక్కడికి పోదామా అని వెతుక్కుంటూ ఈ పేజీలోకి వచ్చిన మిమ్మల్నే. సముద్రం ఒడ్డున మూతపడిన లైట్‌హౌస్‌కు సున్నం కొట్టి, రంగు బల్బులు చుట్టి, కింద ఐస్‌క్రీం బండి నిలబెడితే ఎంత బాగుందో అని ఫొటో దిగుతారు. అది వెలిగినన్నాళ్ళూ ఎవరిని ఒడ్డుకు చేర్చింది, ఆర్పేశాక వాళ్ళు ఎలా చేరుతున్నారు అని ఒక్కరూ అడగరు. పెద్ద ఓడల్లోకి యంత్రాలు వచ్చాయి, ఇక దీపం అక్కర్లేదన్నారు. సరే. చిన్న తెప్ప మీద పోయేవాడికి ఏ యంత్రం వచ్చింది?

కొన్నాళ్ళ కిందట ఇదే మాట ఇక్కడ ఇంతకంటే గట్టిగా రాశాను. చాలామందికి కోపం వచ్చింది, రావాలనే రాశాను. డోన్‌లో ఉండే నా స్నేహితురాలు, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, అది చదివి ఫోన్ చేసింది. "లైట్‌హౌస్ కోసరం సముద్రందాకా ఎందుకే పోతావు? మన సీమలోనే ఒకటుండాది. దాన్నీ మూసేసినారు. పోయి చూసొచ్చి అప్పుడు తిట్టు" అంది. తాగే నీళ్ళకే దిక్కులేని సీమలో లైట్‌హౌస్ ఏమిటని నవ్వబోయి ఆగాను. నీళ్ళు లేని ఈ సీమలోనే కదా, శ్రీశైలం ఆనకట్ట కోసం ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళలో మునిగింది. మర్నాడే సంచి సర్దుకున్నాను.

కడపలో తెల్లవారుజామున ఐదింటికి నంద్యాల బస్సు దొరుకుతుంది. మైదుకూరు, ఆళ్ళగడ్డ మీదుగా మూడున్నర గంటల ప్రయాణం. నంద్యాలలో దిగి ఆత్మకూరు బస్సెక్కితే ఇంకో గంటన్నర. రెండు టికెట్లూ కలిపి నాలుగు వందల లోపే అయ్యాయి. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా తోపుడుబండి మీద ఒకామె వండుతున్న ఉగ్గాని, బజ్జి తిన్నాను. బొరుగులు సరిగ్గా నానినాయి, పప్పులపొడి ధారాళంగా వేసింది, మిరపకాయ బజ్జికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎక్కడికి పోతున్నానో చెబితే ఆ వండే ఆమె గరిటె ఆపి నన్ను తేరిపార చూసింది.

"ఈతలదిన్నెకా? ఆడ నీళ్ళు తప్ప ఏముండాదక్కా?"

"దీపం ఉందట కదా, చూడటానికి."

"దీపం చూడనీకి పగటి పూట పోతాండావా?" అని ఇంకో బజ్జి నా పళ్ళెంలో పడేసింది. "తిను. తెలివి వస్తాది."

ఆ బజ్జికి డబ్బు తీసుకోలేదు. ఇలాంటి మాటలు పడటానికే నేను ప్రయాణాలు చేస్తాను.

ఈతలదిన్నెకు బస్సు లేదు. ఆటో మాట్లాడుకోవాలి. మౌలాలి అనే నలభై ఏళ్ళ డ్రైవరు రానుపోను పన్నెండొందలు అడిగాడు, వెయ్యికి రమ్మన్నాను. "నీ మాటా వద్దు నా మాటా వద్దు, పదకొండు. ఆడ ఎంతసేపున్నా అడగను" అన్నాడు. దారి పొడవునా నల్లరేగడి, కొత్తగా మొలిచిన శనగ, కుడివైపు మనతో పాటే నడుస్తున్నట్టు నల్లమల. ఈ నేలని కరువు సీమ అని మీ నోళ్ళతో మీరు అనడమే తప్ప, వానలయ్యాక దీని రంగు ఎప్పుడైనా చూశారా? మౌలాలికి ఆ దీపం సంగతి నాకంటే ముందే తెలుసు. "మా జేజి, మా నాయన అమ్మ, ఆ పక్క నైజాం ఊరి పిల్ల. పెండ్లైనాక కృష్ణ దాటించి పుట్టిలోనే తెచ్చినారంట, ఆ దీపం చూసుకుంటా. అది లేకుంటే ఆ పుట్టి యెనక్కి తిరిగిండేది. నేను ఆ పక్కనే పెరిగి హైదరాబాదులో ఆటో తోలుకుంటా ఉందును." గేరు మారుస్తూ, "దీపం మేలు చేసిందో కీడు చేసిందో ఇప్పటికీ తేలలేదక్కా" అన్నాడు.

పుట్టి అంటే తెలియని వాళ్ళకు: వెదురు బద్దలతో గంపలాగా అల్లి, అడుగున తారు పూసిన పట్టా బిగించిన గుండ్రటి పడవ. కృష్ణ మీద ఇప్పటికీ చేపలు పట్టేది దీంట్లోనే. రాయి గీసుకుంటే పట్టా చిరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. ఊరంటే కొత్త ఊరు, నీళ్ళు రాకముందు గట్టు మీదికి జరిపి కట్టింది. పాత ఊరు ఎదురుగా నీళ్ళ కింద ఉంది. ఎండాకాలంలో గోడలు తేలతాయి, వానాకాలం నుంచి సంక్రాంతి దాటేదాకా మునిగే ఉంటాయి. మిగిలింది ఒకటే, పాత ఊరి ఎగువ కొసన ఎత్తైన బండరాతి గుండు మీద కట్టిన రాతి బురుజు. నవాబుల కాలానిదని కొందరు, పాళెగాళ్ళదని కొందరు. ఎవరు కట్టించారన్నది నాకు ముఖ్యం కాదు, రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎటూ ఎవరూ చెప్పరు. దాని నెత్తిన నాలుగు పక్కలా అద్దాలు బిగించిన ఇనుప పెట్టె, లోపల నూనె మూకుడు. పెట్టె మీద ఎర్ర రంగుతో "వాడుకలో లేదు" అని రాసి ఉంది.

బురుజు కింద వల బాగుచేసుకుంటున్న సుంకులమ్మ కనిపించింది. అరవై దాటిన బెస్త ఇల్లాలు. ఆమె భర్త మద్దిలేటి పొద్దున్నే పుట్టి వేసుకుని నీళ్ళ మీదికి పోయాడు. నేను కడప నుంచి వచ్చానని తెలిసి, ఇంకేమీ అడక్కుండా జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది. తింటూ అడిగితే చెప్పింది ఈ దీపం చరిత్ర.

మొదట అది రేవు దీపం. అవతలి ఒడ్డు నుంచి మనుషులూ సరుకులూ పుట్టిల్లో వచ్చేవి, చీకటి పడితే దీపం చూసి రేవు పోల్చుకునేవాళ్ళు. ఊరు మునిగాక అందరూ దీపం పని అయిపోయిందనుకున్నారు. అప్పుడే దాంతో అసలు పని పడింది. పాత ఊరి ఇళ్ళ గోడలు నీటి మట్టానికి జానెడు కింద పొంచి ఉంటాయి. ఒడ్డుకు రావాలంటే గోడలు లేని దారి ఒకటే, మునిగిపోయిన పెద్ద వీధి. ఆ వీధి నేరుగా బురుజు దగ్గరికే వస్తుంది. బురుజు వెనక నల్లమల కొండల్లో ఒక సందు ఉంది. దీపం ఆ సందులో కూర్చున్నట్టు కనిపిస్తే మీ పుట్టి వీధి మీదుగా వస్తున్నట్టు. పక్కకు జరిగినట్టు కనిపిస్తే ఎవరింటి గోడ మీదికో పోతున్నట్టు. నీళ్ళ కింద పోయిన వీధిలోంచి ఇంటికి రావడం అన్నమాట. నేను రొట్టె తినడం ఆపేశాను.

దీపం వెలిగించే వంతు కూడా ఆ వీధి వరసే. వీధి మొదట రెడ్ల పెద్దిల్లు, ఆ పక్కన కోమట్ల అంగడి, సాయిబులు, మగ్గాల ఇళ్ళు, వడ్రంగులు, చివర నీళ్ళ దగ్గర బెస్తలు. ఇళ్ళు మునిగాయి, వరస మునగలేదు. కొత్త ఊర్లో ఎవరెక్కడ ఇల్లు కట్టుకున్నా, దీపం వంతు పాత వీధి ప్రకారమే రోజుకొక ఇంటిది. కానీ ఒక నియమం ఉంది. ఒకరి వంతు రోజున ఇంకొకరు ముట్టించకూడదు. ముట్టిస్తే ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదని ఊరికి చాటినట్టు.

తర్వాత పెద్దిల్లు, అంగడివాళ్ళు, మగ్గాలవాళ్ళు ఒక్కొక్కరే కర్నూలుకీ ఆదోనికీ పోయారు. అయినా వంతు రోజున ఎవరో ఒకరు వచ్చి ముట్టించి పోయేవాళ్ళట. కొన్నేళ్ళ కిందట పెద్దింటివాళ్ళు చందాలు పోగుచేసి పెద్ద స్తంభానికి తెల్ల లైట్లు పెట్టించారు. ఇక మేము రావాల్సిన పని లేదన్నారు. అప్పుడే ఆ ఎర్ర అక్షరాలు రాయించారు. స్తంభం ఎక్కడ పెట్టారో తెలుసా? కార్లు నిలపడానికి వీలుగా ఉన్న చోట. బురుజుకు బాగా పక్కగా. దాన్ని చూసుకుని వస్తే పుట్టి నేరుగా సాయిబుల ఇంటి గోడ మీదికి పోతుంది. పోయిన నెల మద్దిలేటి పుట్టి పోయింది కూడా. పట్టా చిరిగి, వల నీళ్ళపాలై, ఆయన ఆ గోడ మీదే నిలబడి కేకలు వేస్తే పక్క పుట్టివాళ్ళు ఎక్కించుకొచ్చారు. ఆయనకు పొద్దుగూకితే చూపు కూడా ఆనడం లేదు.

"మరి ఈ రోజు దీపం ఎవరు ముట్టిస్తారు?" అని అడిగాను.

"ఈ పొద్దు వంతు పెద్దింటిది" అంది సుంకులమ్మ. "అంటే చీకటే. ఊర్లో మిగిలినోళ్ళ వంతు రోజు ముట్టిస్తాం. లేనోళ్ళ రోజు నేను నీళ్ళ కాడ నిలబడి పళ్ళెం వాయిస్తా. ఆ సప్పుడుకు వస్తాడు. గాలి ఇటు తిరిగితే వినపడదు, అదీ కత."

ఆ రోజు గాలి ఇటే తిరిగి ఉంది.

నేను ఊరుకునే మనిషిని కాదు, మీకు తెలుసు. ఆమె దగ్గర నంబరు తీసుకుని పెద్దింటాయనకు ఫోన్ చేశాను. ఆయన కర్నూలులో సిమెంటు వ్యాపారం చేస్తాడు. మర్యాదగానే మాట్లాడాడు. "స్తంభం మేమే కదా మేడమ్ వేయించింది, ఆ వెలుగు చాలదా?" అన్నాడు. ఎందుకు చాలదో చెప్పాను. "బురుజు దీపం మాత్రం ఎవరినీ ముట్టించనీయకండి. మా నాయన ముట్టించిన దీపం. మా ఇల్లు ఉండాది, ఆరిపోలేదు. ఉగాదికి వస్తాం, వచ్చి మేమే ముట్టిస్తాం" అన్నాడు. ఫోన్ పెట్టేశాక సుంకులమ్మకు చెప్పాను.

"ఉగాదికి ఈడ నీళ్ళేడుంటాయి?" అంది. "గొర్లు మేస్తాంటాయి."

"అయితే మీరే ముట్టించండి. మీ ఆయన ప్రాణం కంటే వాళ్ళింటి పేరు ఎక్కువా?"

ఆమెకు కోపం వచ్చింది. "ఎక్కువని యెవురన్నారమ్మా? మా మామ నీళ్ళల్లో పోయిన దినం మా వంతు. ఇంటిల్లిపాదీ శవం కాడ ఉన్నాం. ఊర్లో అందరిండ్లలో నూనె ఉండాది, ఒక్కరూ ముట్టించల్యా. ఊరంతా చీకట్లో కూచున్నారు, మా ఇల్లు ఉండాదని చెప్పనీకి. ఆ పొద్దు పెద్దింటాయన వాళ్ళ నాయన కూడా ఈ గుండు మీద కూచున్నాడు. అది మర్సిపోయి ఇప్పుడు వాళ్ళిల్లు పాడైందని నేనెట్ల చాటేది?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. బతికున్నవాళ్ళ కోసమే కదా మర్యాదలు అనేది ఆ జవాబు. కానీ ఆ గుండు మీద కూర్చుని, ఆమె మొహం చూస్తూ అది అనలేకపోయాను. నేనే ముట్టిస్తానన్నాను. "నువ్వు చుట్టానివి. చుట్టం వచ్చి దీపం పెట్టిందంటే ఇంట్లో దిక్కు లేనట్టే గదా" అంది. మౌలాలి ఊరుకోక ఆటో హెడ్‌లైటు వేస్తానని గట్టు అంచుదాకా తోలాడు. వెలుగు పోయి ఎదురుగా ఉన్న తుమ్మచెట్టు మీద పడింది. "ఆపప్పా సామీ" అంది సుంకులమ్మ, "అది సూసి మా ఆయన ఎవురో ఫారెస్టోళ్ళు జీపులో వచ్చినారని అవతలి ఒడ్డుకు పోతాడు."

పొద్దు నీళ్ళలోకి వాలుతోంది. స్తంభం మీది తెల్ల లైట్లు వెలిగాయి. నీళ్ళంతా ఒకే తెలుపు. అప్పుడు మోపెడ్ మీద వెనకొక ఐస్ పెట్టెతో యేసోబు వచ్చాడు. కాలనీలో ఉంటాడు. పాత ఊర్లో వాళ్ళ మాదిగవాడ వీధికి అవతల, వాన నీటి వంక పక్కన ఉండేది. ఇళ్ళు వాళ్ళవీ మునిగాయి. మద్దిలేటి చేపలు రోజూ ఆత్మకూరు తీసుకుపోయి అమ్మేది అతనే.

"ఏం పెద్దమ్మా, పళ్ళెం తెచ్చుకున్నావా? ఈ గాలికి నీ పళ్ళెం నాకే వినపడదు" అన్నాడు. సంగతంతా మౌలాలి చెప్పాడు. యేసోబు బురుజు వైపు, నీళ్ళ వైపు చూశాడు.

నాలో అప్పటిదాకా నలుగుతున్న ప్రశ్న బయటికి వచ్చింది. "సుంకులక్కా, వీధి వరస అంతా చెప్పావు. కాలనీ వాళ్ళ వంతు ఎప్పుడు వస్తుంది?"

"వాళ్ళకు ల్యా" అంది, అందులో దాచాల్సిందేమీ లేనట్టు. "వాళ్ళిండ్లు వీధిలో ల్యా గదా."

"అదే నేనూ అనేది" అన్నాడు యేసోబు. అతని గొంతులో కోపం లేదు, బేరం చేసేవాడి నిదానం ఉంది. "వీధిలో మాకు ఇల్లు ల్యా. వంతు ల్యా. నేను చుట్టాన్నీ గాదు. మరి నేను ముట్టిస్తే ఎవురిల్లు పాడైనట్టు?"

ఆ నియమం చేసినవాళ్ళకు ఈ మనిషి గుర్తే లేడు, కాబట్టి అతనికి నిషేధమూ లేదు. ఆ ఖాళీలో అతను ఇన్నేళ్ళూ నిలబడే ఉన్నాడు.

"మీవాళ్ళు ఎవురూ బురుజు ఎక్కల్యా" అంది సుంకులమ్మ.

"ఎక్కనిస్తే గదా."

నాకు భయం వేసింది. అవసరం పడితే పిలిచి, తీరాక వాకిట్లోనే నిలబెట్టడం ఈ దేశం ఎన్నిసార్లు చేయలేదు? అదే అన్నాను, వంతు ఇవ్వకుండా పని మాత్రం చేయించుకుంటే దాని పేరు వెట్టి అని. యేసోబు నా వైపు తిరిగాడు. "ఉండు మేడమ్, నా బేరం నన్ను చేసుకోనీ." తర్వాత ఆమెతో అన్నాడు. "ముట్టిస్తా. పెద్దింటోళ్ళ బదులు గాదు, వాళ్ళది వాళ్ళకే ఉండనీ. ఇది మా ఇంటి వంతు. రేపు వీధిలో అడిగినోళ్ళందరికీ నువ్వే చెప్పల్ల, నిన్న యేసోబు ఇంటి వంతు అయిందని. ఆ యెనకాల మా కాలనీలో ఇల్లిల్లూ. చెప్తావా?"

ఆమె నీళ్ళ వైపు చూసింది. ఆ తెల్లటి వెలుగులో ఎక్కడా పుట్టి కనిపించడం లేదు. తర్వాత లేచి, కొంగులో కట్టుకున్న బట్ట వత్తి, నూనె సీసా తన చేత్తో అతని చేతికి ఇచ్చింది.

"చెప్తా. పైన మెట్టు ఒకటి కదులుతాది, చూసి కాలు పెట్టు."

యేసోబు చెప్పులు విప్పి ఎక్కాడు. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి అద్దాల వెనక పసుపు వెలుగు నిలబడింది. పెద్ద వెలుగు కాదు, స్తంభం లైట్ల ముందు ఎంత. కానీ నల్లమల సందుకు ముందు, ఉండాల్సిన చోట ఉంది. సుంకులమ్మ అయినా పళ్ళెం తీసుకుని వాయించసాగింది. చాలాసేపటికి తెల్లటి నీళ్ళ మీద నల్లటి గుండ్రటి చుక్క ఒకటి కనిపించింది. అది మొదట స్తంభం వైపే వస్తోంది. ఆమె పళ్ళెం ఆపేసింది. చుక్క ఆగింది, కాస్త తిరిగింది, దీపానికి ఎదురుగా వచ్చి నేరుగా సాగింది. మగ్గాల ముందు నుంచి, అంగడి ముందు నుంచి, పెద్దింటి ముందు నుంచి, మునిగిన వీధిలో నడుచుకుంటూ వచ్చినట్టు వచ్చాడు మద్దిలేటి.

ఒడ్డున దిగి, చేపల బుట్ట యేసోబు చేతికిచ్చి, పైకి చూశాడు. "ఈ పొద్దు పెద్దింటోళ్ళది గదా. వచ్చినారా?"

"ల్యా. ఈ పొద్దు యేసోబు ఇంటి వంతు" అంది సుంకులమ్మ. రేపటిదాకా ఆగలేదు.

ముసలాయన తల గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. యేసోబును చూశాడు, దీపాన్ని చూశాడు. "వత్తి శానా లావు పెట్టినావప్పా" అన్నాడు. "నూనె తాగేస్తాది. ఈసారి సన్నంగా పెట్టు."

ఈసారి అన్నాడు. యేసోబు నవ్వాడు. మౌలాలి నవ్వాడు. నేను మాత్రం కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఆ రాత్రి ఆత్మకూరులో ఐదు వందల లాడ్జి గదిలో పడుకుని చాలాసేపు ఆలోచించాను. ముప్పై ఏళ్ళుగా ఆచారాలను తిడుతూ రాస్తున్నాను, ఇంకా తిడతాను. ఊరంతా ఒక ఇంటి గౌరవం కోసం చీకట్లో కూర్చోవడం గొప్పదే, ఆ చీకట్లోకి ఇంకొక మనిషిని తోయనంతవరకు. ఆ మాట ఒకరి మొహం మీద ఒకరు అనుకుని, పోట్లాడుకుని, ఒక సాయంత్రంలో సర్దుకున్నారు వాళ్ళు. నా వ్యాసాలు ఏవీ ఇంత త్వరగా ఎక్కడా ఏదీ సర్దలేదు. రొట్టె పెట్టి, తిట్టి, నా ముందు దాచకుండా తగువు పడినందుకు సుంకులమ్మకు రుణపడి ఉన్నాను. నా బేరం నన్ను చేసుకోనీ అన్నందుకు యేసోబుకు ఇంకా ఎక్కువ. పోవాలనుకునే వాళ్ళకు ఒక్క సలహా: నీళ్ళు నిండుగా ఉండే నెలల్లోనే పోండి, ఆటోవాడితో చీకటి పడేదాకా ఉంటామని ముందే మాట్లాడుకోండి. సాయంత్రం నాలుగింటికి ఫొటోలు దిగి వెనక్కి తిరిగే వాళ్ళకు అక్కడ చూడటానికి ఏమీ లేదు.

ఇక నా డిమాండ్లు.

బురుజు పెట్టె మీద రాసిన "వాడుకలో లేదు" అనే మాట చెరిపేయాలి.

తెల్ల లైట్ల స్తంభాన్ని పీకి వీధి వరసలోకి మార్చాలి, లేదా పొద్దుగూకగానే ఆర్పేయాలి.

మునిగిన గోడల మీద నీళ్ళ పైకి కనిపించే గుర్తులు పాతాలి.

ఊర్లో లేని ఇళ్ళవాళ్ళు తమ వంతు రోజుకు ముందే ఫోన్ చేసి, పక్కింటికి వంతు అప్పజెప్పాలి. అప్పజెప్పినంత మాత్రాన ఏ ఇల్లూ ఆరిపోదని ఊరు ఒప్పుకోవాలి.

కాలనీలో ప్రతి ఇంటికీ వంతు ఉండాలి. వరస చివర కాదు, మధ్యలో.

మీరు పోయినప్పుడు కెమెరాతో పాటు ఒక సీసా నూనె తీసుకెళ్ళాలి. ముట్టించడానికి కాదు, ఇవ్వడానికి.

మద్దిలేటి రోజూ ఇంటికి రావాలి.